అండ ఉండీ అందని రోజు: ముత్తుకూరు నుంచి కువైట్ దాకా

ముత్తుకూరు అంటే ఇప్పుడు కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ కేంద్రం, రోడ్డంతా బొగ్గు లారీలు గుర్తొస్తాయి. 1263లో అక్కడ జరిగిన యుద్ధం పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక్క లైనుగా మిగిలిపోయింది. కాకతి గణపతిదేవుడు పాండ్యుల చేతిలో ఓడిపోయాడు, అంతే. ఆ లైను వెనక ఒక చిన్న రాజ్యం కథ ఉంది, అది మనదే.

నెల్లూరు రాజు మనుమసిద్ధి గద్దెను దాయాదులు అక్కన, బయ్యన లాక్కుంటే, ఆయన మంత్రి తిక్కన ఓరుగల్లు దాకా వెళ్లి గణపతిదేవుణ్ణి సాయం అడిగాడని, ఆయన సేనలతో వచ్చి గద్దె మళ్లీ ఇప్పించాడని చెబుతారు. అప్పట్నుంచి నెల్లూరు భద్రత ఓరుగల్లు చేతిలో ఉన్నట్టే. తర్వాత దక్షిణం నుంచి జటావర్మ సుందర పాండ్యుడు దండెత్తి వస్తే కాకతీయ సేన ముత్తుకూరు దగ్గర ఓడింది. పాండ్యుడు నెల్లూరులోనే వీరాభిషేకం చేయించుకున్నాడు. మనుమసిద్ధి నాటి స్థాయి నెల్లూరు రాజ్యానికి మళ్లీ దక్కలేదు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఓరుగల్లు ఆ దెబ్బతో కూలిపోలేదు. రుద్రమదేవి వచ్చింది, ప్రతాపరుద్రుడు వచ్చాడు, 1323 దాకా ఆ రాజ్యం నిలబడింది, 1316లో దాని సేనలు మళ్లీ కంచి దాకా కూడా వెళ్లాయి. అంటే పెద్ద రాజ్యం పతనం కావాల్సిన పనే లేదు, చిన్నవాడికి అవసరమైన ఆ ఒక్క రోజున దాని చేయి అందకపోతే చాలు. సోమశిలలో నీళ్లు నిండుగా ఉన్నా కాలువ చివరి మడికి తడి అందాల్సిన వారంలో అందకపోతే పైరు ఎండుతుంది కదా, అచ్చం అలాగే.

అమెరికా పని అయిపోయిందా లేదా అని ఈమధ్య టీవీ చర్చల్లో తెగ వాదించుకుంటున్నారు. చిన్న దేశాల వైపు నుంచి చూస్తే ఆ ప్రశ్నే తప్పు. అమెరికా ఇంకో యాభై ఏళ్లు నంబర్ వన్‌గా ఉండొచ్చు, అయినా దాని మీద ఆనుకున్న ఒక చిన్న దేశం ఒక్క రాత్రిలో పోవచ్చు. ఆ చిన్న దేశానికి ఇక్కడ కువైట్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం చెప్పక్కర్లేదు. ఆత్మకూరు, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో కువైట్ డబ్బుతో లేచిన మేడలు ఎన్నో. అక్కడి భద్రత ఇక్కడి ఇళ్ల సంగతి కూడా.

కువైట్ ఎంత దేశమో ముందు చూద్దాం. విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు. పాత ఉమ్మడి ప్రకాశం జిల్లా 17,626. అంటే దాదాపు ఒంగోలు జిల్లా అంత దేశం, దాని కింద సుమారు పదివేల కోట్ల బ్యారెళ్ల చమురు నిల్వ, ఉత్తరాన ఇరాక్, దక్షిణాన సౌదీ, నీళ్లకు అవతల ఇరాన్. జనాభా యాభై లక్షలకు దగ్గర్లో ఉంటే అందులో సొంత పౌరులు మూడో వంతు కన్నా తక్కువే, మన భారతీయులే పది లక్షల దాకా ఉన్నారు. తీసిన చమురు బయటికి పోవాలంటే హార్ముజ్ జలసంధి ఒక్కటే దారి, సౌదీకి ఉన్నట్టు ఎర్ర సముద్రం వైపు పైపులైను లేదు. ఇలాంటి దేశం ఎవరో ఒకరి అండ లేకుండా బతకడం కష్టం, అది వాళ్లకూ తెలుసు.

ఒక అగ్రరాజ్యం బలం తగ్గడాన్ని ఈ దేశం ఇప్పటికే ఒకసారి చూసింది. ఆ అనుభవాన్ని చాలామంది మర్చిపోయి 1990లో ఇరాక్ చేసిన ఆక్రమణ ఒక్కటే మాట్లాడతారు గానీ, అసలు పాఠం దాని ముందుంది.

1899లో కువైట్ పాలకుడు షేక్ ముబారక్ బ్రిటన్‌తో రహస్యంగా ఒప్పందం చేసుకున్నాడు. బ్రిటన్‌ను అడక్కుండా ఇంకెవరికీ భూమి ఇవ్వకూడదు, ఇంకే దేశపు ప్రతినిధినీ రానివ్వకూడదు, బదులుగా తుర్కుల నుంచి రక్షణ. అరవై ఏళ్లకు పైగా అది నడిచింది. 1961 జూన్ 19న కువైట్ స్వతంత్ర దేశమైంది. వారం తిరక్కుండానే ఇరాక్ నేత అబ్దుల్ కరీం ఖాసిం కువైట్ మాదే అని ప్రకటించాడు. జులై మొదట్లోనే బ్రిటిష్ సైన్యం దిగింది, ఇరాక్ కదల్లేదు, కొన్ని నెలల తర్వాత బ్రిటిష్ వాళ్ల స్థానంలో అరబ్ లీగ్ దళాలు వచ్చాయి. అంటే అప్పటికే దిగజారిపోతున్న బ్రిటన్, 1956లో సూయెజ్ కాలువ కోసం ఈజిప్టు మీదికి వెళ్లి వెనక్కి తగ్గి పరువు పోగొట్టుకున్న బ్రిటన్, ఆ రోజుకు మాత్రం చేయి అందించగలిగింది.

కువైట్ పాలకులు ఆ తర్వాత చేసిన పని మెచ్చుకోదగ్గది. బ్రిటన్ ఎల్లకాలం ఉండదని వాళ్లకు అర్థమైంది. 1961 చివర్లోనే అరబ్ దేశాలకు అప్పులిచ్చే కువైట్ ఫండ్ పెట్టారు. ఐక్యరాజ్యసమితిలో తమ సభ్యత్వాన్ని సోవియట్ యూనియన్ వీటో చేస్తే, 1963లో అదే సోవియట్‌తో దౌత్య సంబంధాలు పెట్టుకున్నారు, గల్ఫ్ అరబ్ రాచరికాల్లో అప్పటికి ఇంకెవరికీ సోవియట్‌లో రాయబారి లేడు. ఖాసిం కూలిపోయాక వచ్చిన ఇరాక్ ప్రభుత్వంతో 1963 అక్టోబరులో గుర్తింపు ఒప్పందం చేసుకుని, వెంటనే పెద్ద అప్పు కూడా ఇచ్చారు. డబ్బుతో శత్రువును చల్లార్చడం చూడ్డానికి గొప్పగా ఉండదు. కానీ ఒంగోలు జిల్లా అంత దేశానికి సైన్యం కన్నా చవకైన దారి అదే.

1967 నవంబరులో బ్రిటన్ పౌండు విలువ తగ్గించుకుంది. రెండు నెలలు తిరక్కుండానే, 1968 జనవరిలో ప్రధాని హెరాల్డ్ విల్సన్ 1971 చివరికల్లా గల్ఫ్ నుంచి వెళ్లిపోతున్నామని చెప్పేశాడు. సైన్యం ఖర్చు మేం పెట్టుకుంటాం, ఉండండి అని అబుదాబి షేక్ జాయెద్ అడిగినా లండన్ ఒప్పుకోలేదు. అగ్రరాజ్యాలు వెనక్కి తగ్గేటప్పుడు కారణం సరిహద్దులో కన్నా వాళ్ల ఇంటి ఖాతా పుస్తకంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న దేశం నేత రోజూ చూడాల్సింది తన రక్షకుడి విమానవాహక నౌకల లెక్క ఒక్కటే కాదు, అతని బడ్జెట్, ఎన్నికలు, అక్కడి ఓటరు విసుగు కూడా.

ఆ తర్వాతి పంతొమ్మిదేళ్లే అసలు ప్రమాదపు కాలం. పాత అండ పోయింది, కొత్తది రాలేదు. 1973 మార్చిలో ఇరాక్ దళాలు సామితా సరిహద్దు ఠాణా మీద పడ్డాయి. 1980లో ఇరాన్-ఇరాక్ యుద్ధం మొదలైతే కువైట్ ఇరాక్ పక్షాన వెయ్యి కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించింది. ఇరాన్ కువైట్ ట్యాంకర్ల మీద దాడులకు దిగితే 1987లో సోవియట్‌నూ అమెరికానూ ఇద్దర్నీ అడిగింది. సోవియట్ ఒప్పుకోవడంతో, గల్ఫ్‌లో దానికి చోటు దొరుకుతుందన్న భయంతో అమెరికా ముందుకొచ్చి పదకొండు ట్యాంకర్లకు తన జెండా కట్టింది. తెలివైన ఎత్తే. కానీ అది ఓడలకు దొరికిన రక్షణ, దేశానికి కాదు.

1990 వేసవిలో గొడవ చమురు ధర మీద, సరిహద్దులోని రుమైలా చమురు క్షేత్రం మీద, ఇరాక్ తీర్చాల్సిన అప్పు మీద. లెక్కల గొడవే, డబ్బు మాటే. మన నెల్లూరు ప్రాంతం వాళ్లకు ఇది కొత్త కాదు. మనుమసిద్ధికీ కాటమరాజుకూ మధ్య పోరు పుట్టింది పశువుల మేత పన్ను, పుల్లరి దగ్గరే. ఖడ్గ తిక్కన లాంటి సేనాని అందులోనే పోయాడు. పక్కవాడితో లెక్క తెగకుండా ఉంచుకుని దూరంగా ఉన్న పెద్దవాడి మీద భరోసా పెట్టుకోవడం చిన్న రాజ్యాలు పదే పదే చేసే తప్పు.

ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ వచ్చింది. దానికి తొమ్మిది రోజుల ముందే, జులై 24న, కువైట్‌తో మాకు రక్షణ ఒప్పందమేదీ లేదని అమెరికా విదేశాంగ శాఖ ప్రతినిధి మీడియా ముందు చెప్పింది. మర్నాడు బాగ్దాద్‌లో సద్దాంను కలిసిన అమెరికా రాయబారి ఏప్రిల్ గ్లాస్పీ అరబ్బుల మధ్య గొడవల్లో మాకు అభిప్రాయం లేదన్న ధోరణిలో మాట్లాడింది. సద్దాం దీన్ని పచ్చజెండాగా తీసుకున్నాడా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చని విషయం, కానీ ఎర్రజెండా మాత్రం ఎవరూ చూపలేదు. కువైట్ సైన్యం పూర్తి అప్రమత్తంగా లేదు. రాజధాని గంటల్లో పోయింది, అమీర్ సౌదీకి వెళ్లిపోయాడు.

ఆ రోజు రాజధానికి పడమట జహ్రా దగ్గర జరిగింది మాత్రం చెప్పుకోవాలి. కువైట్ 35వ బ్రిగేడ్ తన పాత చీఫ్టెన్ ట్యాంకులతో రోడ్డు మీదికి వచ్చి, దిగుతున్న ఇరాక్ రిపబ్లికన్ గార్డ్ మీద కాల్పులు జరిపింది, మందుగుండు అయ్యేదాకా పోరాడి సౌదీలోకి జారుకుంది. సైనికంగా అది ఫలితాన్ని మార్చలేదు. కానీ దేశం చేతులెత్తేయలేదని చూపించింది, ప్రవాసంలో ఉన్న ప్రభుత్వం ప్రపంచం ముందు నిలబడి మాట్లాడటానికి ఆ ఒక్క పూట చాలా పనికొచ్చింది. చిన్న దేశం సైన్యం ఉండేది యుద్ధం గెలవడానికి కాదు, ప్రపంచం లేచి చూసే దాకా కాలం కొనడానికి.

ఆ తర్వాత ఏడు నెలలు. దాదాపు ముప్ఫై అయిదు దేశాల కూటమి, బలప్రయోగానికి అనుమతిచ్చిన భద్రతామండలి 678వ తీర్మానం, 1991 ఫిబ్రవరిలో విముక్తి. ఒప్పందం లేకపోయినా అమెరికా వచ్చింది. ఎందుకు వచ్చిందో మర్చిపోకూడదు. సోవియట్ యూనియన్ చివరి దశలో ఉంది, అడ్డుపడలేదు. సౌదీ తన నేల ఇచ్చింది. గల్ఫ్ చమురు అమెరికాకూ దాని మిత్రులకూ ప్రాణం. ఖర్చులో కువైట్ సుమారు 1,600 కోట్ల డాలర్లు, సౌదీ కూడా అంతే ఇచ్చాయి. ఈ నాలుగూ ఒకేసారి కుదిరాయి. మళ్లీ కుదురుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అక్కడ పనిచేస్తున్న వాళ్లకు ఆ ఏడు నెలలు ఎలా ఉన్నాయన్నది భద్రత వ్యాసాల్లో పెద్దగా రాయరు. లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులు ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో దేశం వచ్చారు. చేతిలో ఉన్న కువైట్ దినార్లకు విలువ పోయింది, ఇరాక్ వాటిని చెల్లవనేసింది. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో ఉండి, ఆ కఫీల్ ముందే దేశం దాటిపోయిన వాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి), పాస్‌పోర్టు, జీతం బాకీ, ఈ మూడూ ఒకరి చేతిలో ఉన్నంతకాలం ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ డ్రైవర్లకూ ఏ దేశపు సైనిక స్థావరమూ రక్షణ కాదు. ఇరాక్ కట్టాల్సిన నష్టపరిహారం, 5,240 కోట్ల డాలర్లు, పూర్తిగా తీరింది 2022లో. ముప్ఫై ఏళ్లు పట్టింది.

ఇప్పటి సంగతికి వద్దాం. 1991 సెప్టెంబరులో కువైట్ అమెరికాతో రక్షణ సహకార ఒప్పందం చేసుకుంది. ఆరిఫ్‌జాన్ క్యాంపు, అలీ అల్ సాలెం వైమానిక స్థావరం ఉన్నాయి, పదమూడు వేలకు పైగా అమెరికా సైనికులు అక్కడ ఉంటారని ఏళ్లుగా లెక్క చెబుతున్నారు. 2004లో నాటోయేతర ప్రధాన మిత్రదేశం హోదా ఇచ్చారు. కాగితం మీద చూస్తే గట్టి అండే.

అయినా టెన్షన్ ఎందుకంటే, కాగితం మారలేదు గానీ దాని వెనక లెక్క మారింది. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా తన అప్పుల మీద కట్టిన నికర వడ్డీ రక్షణ ఖర్చును దాటిపోయింది. అమెరికా ఇప్పుడు తనకు కావాల్సిన దానికన్నా ఎక్కువ చమురు ఉత్పత్తులు అమ్ముకునే దేశం, 2024లో హార్ముజ్ దాటిన ముడిచమురులో అయిదింట నాలుగు వంతులకు పైగా పోయింది ఆసియా వైపు, అందులో ముందున్నవి చైనా, భారత్, జపాన్, కొరియాలు. అంటే కాపలా ఖర్చు ఒకరిది, సరుకు ఇంకొకరిది. ఈ ఏర్పాటు ఎన్నాళ్లు నడుస్తుందని అమెరికా ఓటరు అడిగితే తప్పు పట్టలేం. పైగా క్షిపణులను అడ్డుకునే పేట్రియాట్ల కోసం ఉక్రెయిన్, ఇజ్రాయెల్, గల్ఫ్, తూర్పు ఆసియా అన్నీ ఒకే ఫ్యాక్టరీ వరుసలో నిలబడి ఉన్నాయి. పదకొండు విమానవాహక నౌకలు ఉన్నా మరమ్మతులు, శిక్షణ పోను ఒక రోజున సముద్రంలో దొరికేవి కొన్నే.

సంఘటనలు కూడా అదే చెబుతున్నాయి. 2019 సెప్టెంబరు 14న సౌదీలోని అబ్కైక్ చమురు శుద్ధి కేంద్రం మీద దాడి జరిగి ఆ దేశ చమురు ఉత్పత్తి సగం ఆగిపోతే అమెరికా ఎదురుదాడి చేయలేదు. 2021 ఆగస్టులో అమెరికా సైన్యం వెళ్లిపోతుండగానే కాబూల్ తాలిబన్ల చేతికి పోవడం అందరూ చూశారు. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా స్థావరం అల్ ఉదైద్ మీదికి వచ్చాయి. స్థావరం ఉండటమే ఖతార్‌ను లక్ష్యం చేసింది. సెప్టెంబరు 9న ఇజ్రాయెల్ ఖతార్ రాజధాని దోహాలోనే బాంబులు వేసింది. గల్ఫ్‌లో అమెరికాకున్న అతిపెద్ద స్థావరం ఆ దేశంలోనే ఉంది, అయినా దాడి ఆగలేదు. ఎనిమిది రోజుల తర్వాత సౌదీ, పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఇంతకు రెండేళ్ల ముందే సౌదీ, ఇరాన్ బీజింగ్‌లో కూర్చుని రాజీ పడ్డాయి. పెద్దవాళ్లు తలో దారి వెతుక్కుంటున్నారు.

బలం తగ్గుతున్న మిత్రుడి ఇంకో లక్షణం, స్నేహానికి బిల్లు వేయడం. నెల్లూరు, ప్రకాశం తీరంలో వనామీ రొయ్య రైతులకు ఇది చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టులో వ్యూహాత్మక భాగస్వామి అనిపించుకునే భారత్ మీదే అమెరికా 50 శాతం సుంకం వేస్తే చెరువు గట్టు మీద కౌంటు రేట్లు ఎలా కదిలాయో వాళ్లకు తెలుసు. నూట నలభై కోట్ల దేశానికే ఈ గతి అయితే పదిహేను లక్షల పౌరులున్న దేశం బేరం ఎంత?

కువైట్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇటలీ నుంచి యూరోఫైటర్లు, అమెరికా నుంచి ఎఫ్-18లు, తుర్కియే నుంచి బైరక్తార్ డ్రోన్లు కొంది. చైనాకు ముబారక్ పోర్టు పని ఇస్తోంది. 2024 డిసెంబరులో, 43 ఏళ్ల తర్వాత భారత ప్రధాని వెళ్లినప్పుడు, మనతో వ్యూహాత్మక భాగస్వామ్యం, రక్షణ సహకార అవగాహన కుదుర్చుకుంది. పదిమంది దగ్గర కొనడం వల్ల పదిమందికీ కువైట్ బతకాలన్న ఆశ ఉంటుందని లెక్క. దౌత్యానికి అది మంచిదే. యుద్ధానికి మాత్రం తలనొప్పి, మూడు దేశాల విమానాలకు మూడు రకాల విడిభాగాలు, మూడు రకాల మెకానిక్కులు, ఆ మెకానిక్కుల్లో చాలామంది విదేశీయులే.

అసలు లోటు మనుషుల దగ్గరుంది. 2001లో ఆపేసిన తప్పనిసరి సైనిక సేవను 2017లో మళ్లీ తెచ్చారు, అది సరైన పని. కానీ ఏ దేశ పౌరసత్వమూ లేని బిదూన్లు లక్ష మంది దాకా అక్కడే పుట్టి అక్కడే పెరిగినా పరాయివాళ్లుగానే ఉన్నారు. 1990కి ముందు సైన్యంలో పెద్ద భాగం వాళ్లే, యుద్ధం అయ్యాక అనుమానంతో పక్కనపెట్టారు. 2024 మే నెలలో పార్లమెంటు రద్దయింది, తర్వాత వేలమంది పౌరసత్వాలు తీసేశారు. బయటి అండ పలచబడుతున్న కాలంలో లోపలి మనుషుల్ని తగ్గించుకుంటూ పోవడం ఏ లెక్కన చూసినా ప్రమాదమే. జహ్రాలో ఆ రోజు నిలబడినలాంటి బ్రిగేడ్ రేపు కావాలంటే, ఈ దేశం నాది అనుకునే కుర్రాళ్లు కావాలి.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది పక్కవాడితో లెక్క. నేల మీద సరిహద్దును 1993లో భద్రతామండలి 833వ తీర్మానంతో తేల్చారు. నీళ్లలో 162వ సరిహద్దు గుర్తు దాకా గీత ఉంది, అక్కణ్ణుంచి సముద్రం వైపు ఇప్పటికీ గీయలేదు. రెండు దేశాల మధ్య ఉన్న ఖోర్ అబ్దుల్లా జలమార్గంలో ఓడల రాకపోకల మీద 2012లో కుదిరిన ఒప్పందాన్ని ఆమోదించిన చట్టాన్ని ఇరాక్ అత్యున్నత న్యాయస్థానం 2023 సెప్టెంబరులో కొట్టేసింది, పార్లమెంటులో మూడింట రెండొంతుల మద్దతు లేదన్న కారణంతో. ఒక పక్క బుబియాన్ దీవి మీద కువైట్ ముబారక్ పోర్టు, ఎదురుగా ఇరాక్ ఫావ్ పోర్టు, రెండిటికీ ఆ ఇరుకు నీళ్లే దారి. ఇంకో పక్క సముద్రంలోని దుర్రా గ్యాస్ క్షేత్రంలో తనకూ వాటా ఉందని ఇరాన్ అంటోంది.

ఇవి ఇప్పటికి కోర్టు కాగితాలు, విదేశాంగ శాఖ ప్రకటనలు మాత్రమే. రుమైలా కూడా 1990 జులై దాకా అలాగే ఉంది. బాగ్దాద్‌లో ఇప్పుడున్నది సద్దాం కాదు, ఇరాక్ తన చమురు అమ్ముకునే తొందరలో ఉంది, అమెరికా స్థావరాలు ఇంకా ఖాళీ కాలేదు. బేరానికి ఇంతకన్నా మంచి సమయం కువైట్‌కు దొరకదు, ఎందుకంటే బలమైన మిత్రుడు వెనక ఉండగా కూర్చుని మాట్లాడటం వేరు, వాడు సామాన్లు సర్దుకుంటుండగా మాట్లాడటం వేరు. ఆరిఫ్‌జాన్ క్యాంపులో ఎంతమంది సైనికులు మిగిలారన్న వార్త వచ్చినప్పుడల్లా ఇక్కడి ఇళ్లలో ఫోన్లు మోగుతాయి. 162వ గుర్తు అవతల గీత మీద చర్చ మొదలైందా, ఖోర్ అబ్దుల్లా చట్టం ఇరాక్ పార్లమెంటుకు మళ్లీ వచ్చిందా అన్న వార్తలు మాత్రం లోపలి పేజీలో నాలుగు లైన్లుగా వస్తాయి, చూడాల్సింది వాటినే.